అరగంట లెక్క



మొన్న ఆదివారం మెయ్‌నూత్‌లో మన వాళ్ళంతా కూర్చున్నప్పుడు నేను నాలుగు మాటలు మాట్లాడిన. డ్యూటీ ఉండి రాలేని వాళ్ళు "అదే మాట గ్రూపులో రాసి పెట్టన్నా" అని అడిగారు. అందుకే రాస్తున్న. నాది పదో తరగతి చదువు. సైట్‌లో రోజూ రాసేది పేర్లు, గంటలు, అంతే. తప్పులుంటే సర్దుకొని చదవండి. కొంచెం పొడుగే ఉంటుంది, బ్రేక్‌లో టీ తాగుతూ చదువుకోండి.

విషయం ఏమిటంటే, యూనివర్సిటీలో పని చేసే వాళ్ళ యూనియన్లు న్యాయమైన జీతం కోసం ప్రచారం చేస్తున్నాయి. వలస వచ్చి పని చేసే వాళ్ళు కూడా మాతో కలవండి, మీ కోసం మేమూ నిలబడతాం అంటున్నాయి. మనం పోవాలా, వద్దా? ఇదీ ఆ రోజు మన ముందున్న ప్రశ్న.

ఒక తమ్ముడు లేచి అన్నాడు: "అన్నా, సార్లకు మేడమ్‌లకు జీతాలు తక్కువనా? వాళ్ళు ఏసీ గదుల్ల కూర్చుంటరు, మనం వానల నిలబడతం. వాళ్ళ కోసం మనమెందుకు పోవాలె?"

నవ్వు వచ్చింది అందరికీ. నేను కూడా నవ్విన. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అట్లనే అనుకున్న.

ముందు యూనివర్సిటీ అంటే ఎవరో చూద్దాం. మెయ్‌నూత్‌లో రోడ్డుకు ఇటు పాత క్యాంపస్ ఉంది, 1795లో మొదలైన కాలేజీ. అటు కొత్త క్యాంపస్. 1997 చట్టంతో అది సొంతంగా యూనివర్సిటీ అయింది. ఆ గోడలు కట్టిన వాళ్ళు ప్రొఫెసర్లు కాదు కదా. పొద్దున మనం వ్యాన్ కోసం నిలబడే టైముకే అక్కడ క్లీనింగ్ వాళ్ళు నేల తుడుస్తుంటారు. క్యాంటీన్‌లో వంట, గేటు దగ్గర సెక్యూరిటీ, లైబ్రరీ, ఆఫీసు, కరెంటు పని, తోట పని – ఇవన్నీ చేసేది మనుషులే. చదువు చెప్పే వాళ్ళలో కూడా పర్మనెంట్ వాళ్ళు వేరు, ఏడాదికో కాంట్రాక్ట్ వాళ్ళు వేరు, గంట లెక్కన వచ్చే వాళ్ళు వేరు.

మా ఇంట్లో పై గదిలో ఒక చెల్లె ఉంటుంది. మన తెలుగమ్మాయే. పేరు రాయను, ఏ యూనివర్సిటీ అన్నది కూడా వద్దు. పీహెచ్‌డీ చేస్తూ పిల్లలకు క్లాసులు చెబుతుంది. ఒక రాత్రి పదకొండు దాటింది, నేను నీళ్ళ కోసం వంటగదిలోకి పోతే టేబుల్ మీద పేపర్ల కట్ట పెట్టుకొని దిద్దుతున్నది. "ఇంత రాత్రి దాకా ఓవర్‌టైమా చెల్లె?" అని అడిగిన.

"ఓవర్‌టైమ్ లేదన్నా. క్లాసులో నిలబడ్డ గంటకే డబ్బులు. దానికోసం చదువుకున్నది, పిల్లల మెయిల్స్‌కు జవాబు రాసింది లెక్కలోకి రాదు. పేపర్లు దిద్దడానికి ఇన్ని గంటలు అని వాళ్ళే రాస్తరు, అది సగానికి కూడ సరిపోదు" అన్నది.

నేను గ్లాసు చేతిలో పట్టుకొని అట్లనే నిలబడ్డ. ఆ మాట నాకు కొత్తది కాదు. ఆ లెక్క నేను నా చేతితో రాసిన వాడిని. అది చివర్లో చెబుతా. ముందు ఆమె సంగతి పూర్తి చేస్తా.

ఐర్లాండ్ ప్రభుత్వం పీహెచ్‌డీ వాళ్ళకు ఇచ్చే స్టైపెండ్ 2024లో ఏడాదికి 22,000 యూరోలు, 2025లో 25,000 అయింది. పెద్ద మొత్తమే అనిపిస్తుంది. 2025లో కనీస వేతనం గంటకు 13.50. వారానికి 39 గంటలు, 52 వారాలు గుణించండి, 27,378 వస్తుంది. అంటే షాపులో సామాను సర్దే వాళ్ళకు చట్టం ఇచ్చే దానికంటే అది తక్కువ. స్టైపెండ్ మీద పన్ను లేదు, నిజమే. కానీ వాళ్ళను ఉద్యోగులు అనరు, విద్యార్థులు అంటారు. అందుకని స్టైపెండ్ మీద పీఆర్‌ఎస్‌ఐ జమ కాదు. జబ్బు చేస్తే, కాన్పు వస్తే ఉద్యోగికి ఉండే హక్కు ఉండదు. అందరికీ ఆ పూర్తి స్టైపెండ్ కూడా రాదు. పైగా మన దేశం నుంచి వచ్చిన వాళ్ళు ఐఆర్‌పీ కార్డు తీసుకున్న ప్రతిసారీ 300 యూరోలు కట్టాలి.

ఆ 22,000 అయినా, 25,000 అయినా ఊరికే రాలేదు. ఆ పిల్లలు రెండు సంఘాలుగా ఉండేవాళ్ళు. 2023లో కలిసి ఒకటే అయ్యారు, పోస్ట్‌గ్రాడ్యుయేట్ వర్కర్స్ ఆర్గనైజేషన్ అని. మమ్మల్ని కార్మికులుగా గుర్తించండి అన్నదే వాళ్ళ మొదటి మాట. లెక్చరర్లకు ఐరిష్ ఫెడరేషన్ ఆఫ్ యూనివర్సిటీ టీచర్స్ 1963 నుంచి ఉంది. సిప్టూ, యునైట్ యూనివర్సిటీల్లోనూ ఉన్నాయి, మన సైట్లలోనూ ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి. చదువు చెప్పే వాళ్ళు, ఇటుక పేర్చే వాళ్ళు ఒకే యూనియన్ కార్డు జేబులో పెట్టుకునే దేశం ఇది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తా. వాళ్ళ కోసం మనమెందుకు?

ఈ దేశంలో 2005లో రెండు సంగతులు జరిగాయి. అప్పటికి మనలో చాలామంది ఇక్కడికి రాలేదు.

మొదటిది గామా. టర్కీ కంపెనీ, ఇక్కడ రోడ్లు, పవర్ స్టేషన్లు కట్టింది. టర్కీ నుంచి మనుషులను తెచ్చుకుంది. జో హిగ్గిన్స్ అనే ఎంపీ 2005 ఫిబ్రవరిలో పార్లమెంటులో లేచి, వీళ్ళకు గంటకు రెండు మూడు యూరోలే ముడుతున్నాయి అన్నాడు. అప్పటి కనీస వేతనం 7 యూరోలు. కంపెనీ కాదన్నది. కానీ ఆ కార్మికులకే తెలియకుండా వాళ్ళ పేరు మీద నెదర్లాండ్స్ బ్యాంకులో ఖాతాలు ఉన్నట్టు, జీతం డబ్బు అందులో పడ్డట్టు బయటికి వచ్చింది. భాష రాని, పర్మిట్ కంపెనీ చేతిలో ఉన్న ఆ మనుషులే పని ఆపి కొన్ని వారాలు కొట్లాడారు. వాళ్ళ పక్కన ఇక్కడి వాళ్ళు నిలబడ్డారు కాబట్టే ఆ సంగతి పేపర్లకు ఎక్కింది.

రెండోది ఐరిష్ ఫెర్రీస్. ఓడల్లో పని చేసే ఇక్కడి వాళ్ళను తీసేసి, లాట్వియా లాంటి దేశాల నుంచి ఏజెన్సీ ద్వారా గంటకు 3.60 యూరోలకు మనుషులను పెట్టుకుంటామన్నది కంపెనీ. 2005 డిసెంబర్ 9న డబ్లిన్ వీధుల్లోకి వేలాది మంది వచ్చారు. వాళ్ళు ఆ రోజు "లాట్వియా వాళ్ళే మా పొట్ట కొట్టారు, పంపేయండి" అని ఉంటే ఎంత తేలిక! మనిషిని దోచుకోవద్దు, ఎవరొచ్చినా మర్యాదైన జీతం ఇవ్వాలి అన్నదే యూనియన్ల ప్రధాన మాట అయింది. పూర్తిగా గెలిచారా అంటే లేదు. కంపెనీ ఏజెన్సీ మనుషులను పెట్టుకుంది. కానీ 3.60 పోయి, వాళ్ళకు కూడా ఐర్లాండ్ కనీస వేతనం ఇస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇందులో మనకు అర్థం కావలసింది ఒక్కటే. మనల్ని తక్కువకు పని చేయించుకోగలిగితే, ఇక్కడి వాడి జీతం కోయడానికి మనమే కత్తి అవుతాం. కోసేది ఎవరో, కోపం ఎవరి మీదికి పోతుందో చూసుకోండి. 2025 జూలైలో టాలాలో మన దేశపు మనిషిని కొట్టినప్పుడు, ఆగస్టు 1న ఇండియన్ ఎంబసీ జాగ్రత్తగా ఉండమని చెప్పినప్పుడు, మనం ఎన్ని రోజులు చీకటి పడ్డాక బయటికి పోలేదు? పిల్లలను పార్కుకు పంపడానికి ఎన్నిసార్లు ఆలోచించాం? అదే టాలాలో దాడి అయిన కొద్ది రోజులకే అక్కడి జనం దాన్ని ఖండిస్తూ ఊరేగింపు తీశారు. మన కోసం రోడ్డు మీదికి వచ్చే మనుషులు ఈ దేశంలో ఉన్నారు. వాళ్ళ అవసరానికి మనం తలుపు వేసుకొని కూర్చుంటే, రేపు మన అవసరానికి ఏ మొహంతో పిలుస్తాం?

ఇప్పుడు నా లెక్క చెబుతా. ఆదివారం ఇది చెప్పేటప్పుడు నా గొంతు పట్టేసింది. రాసేటప్పుడు కూడా తేలికగా లేదు.

మా నాయన పాలమూరు లేబర్. దసరా పోయాక గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్స్ పట్టుకొని పోతే, వానలకు ముందు తిరిగి వచ్చేవాడు. డ్యాములకు, కాలువలకు మట్టి పని. నాయనకు చదువు రాదు. మేస్త్రి నోటుబుక్కులో ఏది రాస్తే అదే లెక్క. ఒక ఏడు ఎనిమిది నెలలు పని చేసి ఇంటికి వస్తే, ఇంకా బాకీ ఉన్నావని మేస్త్రి చెప్పాడు. నాయన వేలిముద్ర వేసి ఊరుకున్నాడు. ఇట్లాంటి వాళ్ళ కోసమే 1979లో మన దేశంలో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి, అందులో జీతం రాయాలి అని ఆ చట్టంలో ఉండేది. మా నాయన తన జీవితంలో ఆ పాస్‌బుక్ చూడలేదు. చట్టం ఉండేది, అడిగే మనిషి లేడు. ఆ మేస్త్రి మీద నాకు చిన్నప్పటి నుంచి కోపం.

అందుకే పదో తరగతి దాకా అయినా చదివిన. హైదరాబాద్, దోహా తిరిగి ఇక్కడికి వచ్చిన. కిల్డేర్ కౌంటీలో ఒక సబ్‌కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌నైన. కొన్నేళ్ళ కిందటి మాట. పదకొండు మంది నా కింద. పొద్దున ఏడున్నరకు గేటు లోపల ఉండాలి. బూట్లు, హెల్మెట్, సేఫ్టీ మీద మాటలు, సామాను మోసుకోవడం, ఇవన్నీ అయ్యేసరికి ఎనిమిది. ఆఫీసు వాళ్ళు నాకు చెప్పారు, "టైమ్‌షీట్‌లో ఎనిమిది అని రాయి" అని.

నేను రాసిన. రోజూ రాసిన. కింద సంతకం పెట్టిన.

అందులో ఒక తమ్ముడు స్టూడెంట్, స్టాంప్ 2 మీద సెలవుల్లో పనికి వచ్చినవాడు. మన తెలుగు పిల్లవాడే. ఒక శుక్రవారం పేస్లిప్ పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "అన్నా, నేను ఏడున్నరకే వస్తున్న కదా, నువ్వే గేటు దగ్గర చూస్తున్నవు కదా" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "నాకేం తెలుసురా, ఆఫీసును అడుగు." ఆఫీసును అడిగితే వాడి పని పోతదని నాకు తెలుసు. వాడికీ తెలుసు. వాడు ఏమీ అనలేదు. రెండు వారాలకు పనికి రావడం మానేశాడు.

ఆ అరగంటను లెక్క కట్టి చూడండి. వారానికి రెండున్నర గంటలు. ఏడాదిలో 48 వారాలు అనుకుంటే 120 గంటలు. అంటే ఒక్కొక్కరు మూడు వారాలు ఊరికే పని చేసినట్టు. 2025 కనీస వేతనం లెక్కనే అది 1,620 యూరోలు. పదకొండు మందికి ఎంత అయిందో మీరే కట్టండి. మా నాయన మేస్త్రి కూడా ఇంత నున్నగా కోసి ఉండడు.

తర్వాత ఏమైందంటే, మా దగ్గర పోలండ్ నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్ ఒకతను ఉండేవాడు. యూనియన్ మెంబర్. అతని జేబులో ఒక చిన్న డైరీ. ఏ రోజు ఎన్నింటికి గేటు లోపలికి వచ్చాడో, ఎన్నింటికి బయటికి పోయాడో రాసుకున్నాడు. ఆ డైరీ పట్టుకొని యూనియన్ మనిషి వచ్చి కూర్చున్నాడు. నన్ను కూడా పిలిచి అడిగారు. ఆ రోజు మాత్రం నిజం చెప్పిన, ఏడున్నరే అని. మరుసటి నెల నుంచి అరగంట జీతంలోకి వచ్చింది. పాత బాకీలో రాత ఉన్న వాళ్ళకు కొంత వచ్చింది. ఆ స్టూడెంట్ తమ్ముడికి రాలేదు. వాడి నెంబర్ మారిపోయింది. నేను వెతికేసరికి ఫిర్యాదు పెట్టే గడువు కూడా దాటింది.

పై గదిలో చెల్లె పేపర్లు దిద్దుతుంటే నాకు గుర్తొచ్చింది ఇదే. ఆమె దిద్దే గంట, ఆ తమ్ముడి అరగంట, మా నాయన వేలిముద్ర, అన్నీ ఒకే నోటుబుక్కులో ఉన్నాయి. ఒకరికి చదువుంది, ఒకరికి లేదు. రాసే చేయి వేరొకరిది.

కాబట్టి నా మాట, పోదాం. కానీ జెండా పట్టుకోవడానికి మాత్రమే పోవద్దు. మన మాట కూడా తీసుకొని పోదాం. క్యాంపస్‌లో కాంట్రాక్ట్ కంపెనీల ద్వారా తుడిచే వాళ్ళు, కాపలా కాసే వాళ్ళు, కట్టే వాళ్ళు కూడా మీ లెక్కలో ఉండాలని వాళ్ళను అడుగుదాం. మీటింగ్ మధ్యాహ్నం రెండింటికి పెడితే మేమెట్ల వస్తాం, షిఫ్ట్ అయ్యాక పెట్టండి అని అడుగుదాం. పేపర్ చదవడం రాని మనవాళ్ళకు మీ చదువుతో సాయం చేయండి అని అడుగుదాం. అడగడానికి సిగ్గెందుకు, ఇది ఇచ్చిపుచ్చుకునే సంగతి.

చివరగా, ఫోన్‌లో దాచుకోవలసిన మాటలు కొన్ని.

ఒకటి, రోజూ మీ గంటలు మీరే రాసుకోండి. తారీఖు, వచ్చిన టైము, పోయిన టైము. నోటుబుక్కు అయినా సరే, ఫోన్ అయినా సరే. ఎవరినీ నమ్మొద్దు, నాలాంటి సూపర్‌వైజర్‌ను కూడా.

రెండు, పేస్లిప్ మీ హక్కు. 1991 చట్టంలో ఉంది. ఏ కటింగ్ ఎందుకో అందులో ఉండాలి. పనిలో చేరిన 5 రోజుల్లో జీతం ఎంత, రోజుకు ఎన్ని గంటలు అన్న ముఖ్యమైన సంగతులు రాసి ఇవ్వాలి.

మూడు, కనీస వేతనం 2026 జనవరి 1 నుంచి గంటకు 14.15 యూరోలు. కానీ కన్‌స్ట్రక్షన్‌కు వేరే ఆర్డర్ ఉంది, సెక్టోరల్ ఎంప్లాయ్‌మెంట్ ఆర్డర్ అంటారు. అందులో మేస్త్రి పనివాళ్ళకు, మిగతా కార్మికులకు రేట్లు వేరు వేరుగా, కనీస వేతనం కంటే చాలా ఎక్కువగా ఉంటాయి. మీది ఏ కేటగిరీయో అడగండి.

నాలుగు, నువ్వు ఉద్యోగివి కాదు, సొంత కాంట్రాక్టర్‌వి అని సంతకం పెట్టమంటే ఆగండి. పిజ్జా డెలివరీ డ్రైవర్ల కేసులో 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కాగితం మీద పేరు ఒక్కటే చూడలేదు. పని నిజంగా ఎట్లా నడుస్తుందో చూసి, పన్ను లెక్కకు వాళ్ళు ఉద్యోగులే అని చెప్పింది.

ఐదు, జీతం తక్కువ ఇస్తే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. ఫీజు లేదు. గడువు 6 నెలలు. గట్టి కారణం చూపిస్తేనే 12 నెలల దాకా పొడిగిస్తారు. ఆ తమ్ముడి విషయంలో నేను నేర్చుకున్నది ఇదే, ఆలస్యం చేయొద్దు.

ఆరు, యూనియన్‌లో చేరినందుకు పనిలో నుంచి తీసేస్తే అది చట్టం ప్రకారం అన్యాయమైన తొలగింపు. ఏడాది సర్వీసు లేకపోయినా కేసు వేయొచ్చు. 2024 సెప్టెంబర్ నుంచి వచ్చిన కొత్త చట్టంతో, పర్మిట్ మీద ఉన్న వాళ్ళు 9 నెలల తర్వాత యజమానిని మార్చుకునే వీలుంది.

ఏడు, స్టాంప్ 2 తమ్ముళ్ళు చెల్లెళ్ళు, చదువు రోజుల్లో వారానికి 20 గంటలే. ఎక్కువ చేసిన గంటలను అడ్డం పెట్టుకొని ఎవరైనా బెదిరిస్తే ఒక్కరే భయపడుతూ కూర్చోవద్దు. మైగ్రెంట్ రైట్స్ సెంటర్ ఐర్లాండ్ 2001 నుంచి ఇదే పని చేస్తున్నది. ముందు వాళ్ళతో మాట్లాడండి, లేదా మన గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి.

ఇంకొక్క మాట. ఈ మెసేజ్ మీకు తెలిసిన వాళ్ళందరికీ పంపండి. ఎక్కడెక్కడో తిరిగి ఆ తమ్ముడి ఫోన్‌కు చేరుతుందేమో. తమ్ముడూ, నువ్వు చదువుతుంటే, నువ్వు అడిగింది నిజమే. ఏడున్నరకే వచ్చినవు. నేను గేటు దగ్గర నిలబడి చూసిన. ఆ మాట ఆ రోజు చెప్పలేదు, ఈ రోజు అందరి ముందర చెబుతున్న. ఒక్క ఫోన్ చెయ్యి.

వచ్చే ఆదివారం మళ్ళీ కలుద్దాం. వచ్చేటప్పుడు మీ పేస్లిప్‌లు తెచ్చుకోండి, కూర్చొని చూద్దాం. పై గది చెల్లె కూడా వస్తానన్నది.

– మీ అన్న,
సైట్ సూపర్‌వైజర్, మెయ్‌నూత్